ఐదు వారాల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ: సమ్మర్ టర్మ్‌లో కష్టమైన సైన్స్ కోర్సు తీసుకునేవాళ్ల కోసం

ప్రతి ఏడూ మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి అమెరికాలో చదువుతున్న మన పిల్లలు ఒకటే అడుగుతారు: ఆర్గానిక్ కెమిస్ట్రీ సమ్మర్‌లో లాగించెయ్యొచ్చా? ప్రీమెడ్ వాళ్లు (మెడికల్ స్కూల్‌కి తయారవుతున్నవాళ్లు) అడుగుతారు, ఫిజిక్స్ వెనకబడి గ్రాడ్యుయేషన్ ఇంకో సెమిస్టర్ జరిగిపోతుందేమోనని భయపడే ఇంజినీరింగ్ వాళ్లు అడుగుతారు, ఇంటర్ ఎంపీసీ చేసి ఇక్కడికి బ్యాచిలర్స్‌కి వచ్చినవాళ్లూ అడుగుతారు. లాగించెయ్యొచ్చు. కానీ తెలివైనవాళ్లు కూడా సమ్మర్‌లో దెబ్బతినడం మామూలే, దానికి కారణం కూడా దాదాపు ప్రతిసారీ ఒకటే. ఒక రోజు వెనకబడితే దాన్ని అందుకునే ఖాళీ క్యాలెండర్‌లో ఎక్కడా ఉండదు. కింద చెప్పేదంతా ఆ ఒక్క ఇబ్బంది చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణలు ఎక్కువగా ఆర్గానిక్ నుంచే ఇస్తాను, టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) నేను దగ్గర్నించి చూసింది సమ్మర్ ఆర్గానిక్ ల్యాబులే కాబట్టి.

1. ధైర్యం సంగతి తర్వాత, ముందు గంటల లెక్క

ఇక్కడ ఒక క్రెడిట్ అంటే మామూలు సెమిస్టర్‌లో వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు బయట కనీసం రెండు గంటల చదువు, అలా సుమారు 15 వారాలు. అంటే ఒక క్రెడిట్‌కి 45 గంటలు. 3 క్రెడిట్ల కోర్సుకి 135, ల్యాబుతో కలిపి 4 క్రెడిట్లయితే 180. సమ్మర్‌లో ఈ గంటలు తగ్గవు, వారాలు మాత్రమే తగ్గుతాయి. 180 గంటల్ని 5 వారాలకి పంచితే వారానికి 36. నిజానికి ల్యాబు క్రెడిట్‌కి ఈ లెక్క కన్నా ఎక్కువ సమయమే పడుతుంది, కాబట్టి 40 అనుకుని మొదలుపెట్టండి. అది ఫుల్‌టైమ్ ఉద్యోగం.

ఇదే లెక్కని ఇంకో వైపు నుంచి చూడండి. వారానికి నాలుగు రోజులు క్లాసుంటే 5 వారాల్లో 20 క్లాసు రోజులు. 15 వారాల సిలబస్‌ని 20 రోజుల్లో కుదిస్తున్నారు కాబట్టి ఒక్క రోజు క్లాసు మామూలు సెమిస్టర్‌లో ముప్పావు వారంతో సమానం. సోమవారం జ్వరమొచ్చి పడుకున్నారంటే దాదాపు వారం పాఠం పోయినట్టే.

అందుకే ఒకేసారి రెండు కష్టమైన సైన్స్ కోర్సులు వద్దు. దీనికి మినహాయింపులు ఉండొచ్చు గానీ, అవి ఈ గైడ్ అవసరం లేనివాళ్లకి. పార్ట్‌టైమ్ పని వారానికి 10 గంటల లోపయితే పర్వాలేదు, 20 అయితే ఎక్కడో ఒక చోట తెగుతుంది. ఎఫ్‌-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకి ఇక్కడొక ఆశ ఉంటుంది: సెలవుల్లో క్యాంపస్ ఉద్యోగానికి 20 గంటల పరిమితి ఉండదు కాబట్టి 40 గంటలు పని చేసుకుంటూ పక్కన ఒక కోర్సు కానిచ్చేద్దాం అనుకుంటారు. 40 కి 40 కలిపితే 80. నిద్ర ఎప్పుడు?

2. ఏ కోర్సు సమ్మర్‌కి ఒప్పుతుంది, ఏది ఒప్పదు

ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోయినా సరే. ఆర్గానిక్ 1 సమ్మర్‌కి బాగానే ఒప్పుతుంది. అందులో పాఠాలన్నీ ఒకదాని మీద ఒకటి కడతారు, రోజూ అదే లోకంలో ఉంటే నిన్నటిది మర్చిపోయే వ్యవధి ఉండదు. జనరల్ కెమిస్ట్రీ 2, ఫిజిక్స్‌లో మెకానిక్స్ కూడా ఫర్వాలేదు. అనాటమీ, ఫిజియాలజీ కలిపిన కోర్సు చెయ్యొచ్చు గానీ అది జ్ఞాపకశక్తి మీద పడే బరువు, రోజూ కొత్త పేర్ల వరద.

ఒప్పనివి ఏవంటే, నెమ్మదిగా నానితే తప్ప తలకెక్కనివి. క్యాలిక్యులస్ ఆధారంగా చెప్పే ఎలక్ట్రిసిటీ, మాగ్నెటిజం అలాంటిది. గాస్ నియమం వచ్చిన రోజు అర్థమైనట్టే ఉంటుంది, లెక్క ముందు పెట్టుకుంటే ఏ ఉపరితలం ఎంచుకోవాలో తోచదు, ఆ చూపు రావడానికి రోజులు పడుతుంది. ఫిజికల్ కెమిస్ట్రీ, క్వాంటమ్ మెకానిక్స్ జోలికి సమ్మర్‌లో అసలు వెళ్లొద్దు.

ముందు కోర్సులో సీ గ్రేడ్ వచ్చి ఉంటే కూడా ఆగండి. జనరల్ కెమిస్ట్రీలో ఆమ్లాలు, క్షారాలు, సమతాస్థితి గట్టిగా లేకపోతే ఆర్గానిక్‌లో మొదటి వారమే నేల కదిలిపోతుంది. ఆ సమ్మర్‌ని పాతది బాగుచేసుకోడానికి వాడుకుని, కొత్తది ఫాల్‌లో తీసుకోండి.

వ్యవధి ఎంచుకునే వీలుంటే 5 వారాల దాని కన్నా 8 లేదా 10 వారాల సెషన్ వెతకండి. అదే 180 గంటలు 8 వారాలకైతే వారానికి 22 నుంచి 23, అదొక మనిషి చేసే పని.

3. చేరకముందే కాగితాలు

బోరు కొట్టే భాగం ఇదే, డబ్బు పోయేదీ ఇక్కడే.

చాలామంది తాము చదివే యూనివర్సిటీలో కాకుండా ఇంటి దగ్గర కమ్యూనిటీ కాలేజీలో సమ్మర్ కోర్సు తీసుకుంటారు. ఫీజు తక్కువ, అమ్మ చేతి వంట ఉంటుంది. మంచిదే. కానీ ఆ క్రెడిట్ మీ డిగ్రీకి ఏ కోర్సుగా చెల్లుతుందో మీ యూనివర్సిటీ నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. అడ్వైజర్ ఫోన్‌లో అన్న "చెల్లుతుందనుకుంటా" మాట ఎందుకూ పనికిరాదు. టెక్సస్‌లో పబ్లిక్ కాలేజీలకి ఉమ్మడి కోర్సు నంబర్లున్నాయి: ఆర్గానిక్ 1 లెక్చర్ 2323, దాని ల్యాబు 2123, ఆర్గానిక్ 2 లెక్చర్ 2325, ల్యాబు 2125, రెండూ కలిపి ఇచ్చేచోట 2423, 2425. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ కోర్సు యూసీలోనో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కాల్ స్టేట్‌లోనో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) దేనికి సమానమో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. లెక్చర్‌కీ ల్యాబుకీ విడిగా రిజిస్టర్ చేసుకోవాల్సిన చోట ఒకదాన్ని మర్చిపోయి చివర్లో లబోదిబోమనేవాళ్లు ఉన్నారు, చూసుకోండి.

ప్రీమెడ్ వాళ్లకి ఇంకో మాట. బయట తీసుకున్న కోర్సు గ్రేడ్ చాలాచోట్ల మీ యూనివర్సిటీ జీపీఏలో కలవదు, క్రెడిట్ మాత్రమే వస్తుంది. దాంతో "ఎంత వచ్చినా నష్టం లేదు" అనే ధీమా వచ్చేస్తుంది. మెడికల్ స్కూల్ దరఖాస్తులు తీసుకునే ఆమ్‌క్యాస్ మాత్రం మీరు చదివిన ప్రతి కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతుంది, ఆ గ్రేడ్లన్నీ కలిపే లెక్క కడుతుంది, సైన్స్ జీపీఏ విడిగా తీస్తుంది. మళ్లీ తీసుకుని 'ఏ' గ్రేడ్ తెచ్చుకున్నా పాతది చెరిగిపోదు. ల్యాబు ఆన్‌లైన్‌లో చేస్తే ఒప్పుకోని స్కూళ్లు ఉన్నాయి, కాబట్టి మీరు అప్లై చెయ్యాలనుకునే వాటి నియమాలు ఇప్పుడే చదవండి.

ఎఫ్‌-1 విద్యార్థులు: ఒక అకడమిక్ ఇయర్ పూర్తయి, ఫాల్‌లో మళ్లీ చేరబోతుంటే సమ్మర్ సాధారణంగా మీకు సెలవు కిందే లెక్క, ఫుల్‌టైమ్ లోడ్ అక్కర్లేదు, ఒక్క కోర్సే తీసుకోవచ్చు. మీ ప్రోగ్రామ్ మొదలయ్యేదే సమ్మర్‌లో అయితే సంగతి వేరు, అప్పుడు ఫుల్ లోడ్ తప్పదు. సమ్మరే మీ ఆఖరి టర్మ్ అయినా నియమాలు మారతాయి. ఏదైనా సరే డీఎస్‌ఓకి (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) ఒక ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

సిటిజన్లు, గ్రీన్ కార్డు వాళ్లలో పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకి ప్రభుత్వమిచ్చే సాయం) వచ్చేవాళ్లకి సమ్మర్‌లో కూడా డబ్బు దొరకొచ్చు, ఏడాదికిచ్చే మొత్తంలో 150 శాతం వరకు అవకాశం ఉంది. ఆ అదనపు భాగం రావాలంటే కనీసం హాఫ్‌టైమ్ ఉండాలి. హాఫ్‌టైమ్ అంటే మామూలుగా 6 క్రెడిట్లు. 4 క్రెడిట్ల ఆర్గానిక్ ఒక్కటే తీసుకుంటే సరిపోదు, కాబట్టి సమ్మర్ 1, సమ్మర్ 2 (ఒకదాని తర్వాత ఒకటి వచ్చే రెండు సెషన్లు) కలిపి లెక్కేస్తారా అని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడగండి. అంతేగానీ గ్రాంట్ కోసం రెండో సైన్స్ కోర్సు నెత్తిన పెట్టుకోవద్దు, సులువైన ఎలెక్టివ్ ఏదైనా చూసుకోండి.

4. క్లాసు మొదలవకముందే రెండు మూడు వారాలు

ఈ గైడ్‌లో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. సమ్మర్‌లో మీ చేతిలో ఉన్న అసలైన ఖాళీ మొదటి క్లాసుకి ముందే ఉంటుంది. స్ప్రింగ్ ఫైనల్స్ అయ్యాక ఒక వారం హాయిగా నిద్రపోయి, తర్వాత రోజుకి రెండు గంటలు కూర్చోండి.

ఆర్గానిక్‌కి కావలసినవి: లూయిస్ నిర్మాణాలు, ఫార్మల్ చార్జ్, హైబ్రిడైజేషన్, రెజొనెన్స్, గీతలతో గీసిన బొమ్మ చూడగానే కార్బన్లు, హైడ్రోజన్లు లెక్కపెట్టగలగడం. దీని తర్వాత పీకేఏ విలువలు (ఆమ్లం ఎంత బలమైనదో చెప్పే అంకె, తక్కువుంటే బలం ఎక్కువ). పట్టిక మొత్తం అక్కర్లేదు, కొన్ని మైలురాళ్లు చాలు: ఎసిటిక్ ఆమ్లం 4.76, అమోనియం 9 పైచిలుకు, నీళ్లు, ఆల్కహాల్ 16 దగ్గర, చివర్లో ఉండే ఆల్కైన్ 25, అమోనియా 38 దగ్గర, ఆల్కేన్ 50 దగ్గర. ఏ క్షారం ఏ ప్రోటాన్‌ని లాగగలదో ఈ అంకెలే చెప్తాయి. ఆర్గానిక్ 2 ఆఖరు దాకా ఇవి మీతోనే ఉంటాయి. మోడల్ కిట్ ఒకటి కొనుక్కోండి. కైరాలిటీ, చెయిర్ కన్ఫర్మేషన్ కాగితం మీద చూసి అర్థం చేసుకోడానికి పట్టే గంటలు, చేత్తో తిప్పి చూస్తే నిమిషాల్లో అయిపోతాయి.

ఫిజిక్స్‌కైతే వెక్టర్లు, త్రికోణమితి, డెరివేటివ్‌లు, ఇంటిగ్రల్స్, ఫ్రీబాడీ డయాగ్రమ్ గీయడం. పుస్తకాలకి డబ్బు పెట్టే ముందు ఓపెన్‌స్టాక్స్ చూడండి, ఆర్గానిక్‌కీ ఫిజిక్స్‌కీ కూడా పూర్తి పాఠ్యపుస్తకాలు అక్కడ ఉచితం.

ఇంటర్ చేసి వచ్చినవాళ్లు ఇక్కడ కాస్త జాగ్రత్త. ఎస్‌ఎన్‌1, ఎస్‌ఎన్‌2, ఆల్డాల్, కానిజారో పేర్లు మీకు ఎప్పుడో తెలుసు, మొదటి రెండు రోజులు పక్కవాళ్లకి మీరే చెప్తారు కూడా. కానీ మనకి అలవాటైంది ఎంసెట్ బిట్లు. నాలుగు ఆప్షన్లలో మూడు కొట్టేసి నాలుగోది పెట్టే విద్యలో మనల్ని మించినవాళ్లు లేరు. ఇక్కడి పరీక్షలో చాలాసార్లు ఆప్షన్లే ఉండవు. తెల్ల కాగితం ఇచ్చి, ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో ప్రతి మెట్టుకీ బాణం గీయమంటారు, బాణం తోక తప్పుచోట పెడితే మార్కు పోతుంది. చర్య పేరు రాసినందుకు ఒక్క పాయింటు కూడా రాదు.

5. మొదటి రోజు

సిలబస్ తీసుకుని నాలుగు తేదీలు గోడ మీద రాసుకోండి: పూర్తి రీఫండ్‌తో డ్రాప్ చేసే ఆఖరి రోజు, డబ్ల్యూతో (గ్రేడ్ బదులు 'విత్‌డ్రా' అని పడేలా) బయటపడే ఆఖరి రోజు, ప్రతి పరీక్ష, ఫైనల్. మామూలు సెమిస్టర్‌లో వారాలు ఉండే గడువు ఇక్కడ రోజుల్లోకి వచ్చేస్తుంది. టెక్సస్ పబ్లిక్ కాలేజీల్లో మామూలు సెమిస్టర్‌కి 12వ క్లాసు రోజున తీసే విద్యార్థుల అధికారిక లెక్క, 5 వారాల సమ్మర్ సెషన్‌లో 4వ క్లాసు రోజుకే అయిపోతుంది. ఇంకా, ఆ రాష్ట్రంలో 2007 ఫాల్ నుంచి చేరిన అండర్‌గ్రాడ్‌లకి మొత్తం మీద 6 డ్రాపులే అనే నిబంధన ఉంది, సమ్మర్‌లో సరదాకి ఒకటి ఖర్చు పెట్టుకోకండి.

6. రోజు ఎలా గడవాలి

ఆ రోజు పాఠం ఆ రోజు రాత్రికి ముగియాలి. "రేపు చూద్దాం" అన్నది సమ్మర్‌లో చెల్లదు, రేపటికి రేపటి పాఠం ఉంది.

ఒక నమూనా చెప్తాను, మీ టైముని బట్టి మార్చుకోండి. ఉదయం 8 నుంచి 10 క్లాసు. 10:30 నుంచి 1:30 ల్యాబు. తిని ఒక గంట పూర్తిగా వదిలెయ్యండి, కునుకు తీస్తే ఇంకా మంచిది. 3 నుంచి 6 వరకు ఆ రోజు పాఠంలోని ప్రాబ్లమ్స్, నోట్సు మళ్లీ చదవడం కాదు. భోజనం అయ్యాక గంట రేపటి పాఠం పైపైన చూడటం, గంట రేపటి ల్యాబుకి ప్రీ ల్యాబ్ రాసుకోవడం. 11 కి పడుకోవాలి. పొద్దున్న క్లాసుకి ముందు ఇరవై నిమిషాలు తెల్ల కాగితం తీసుకుని నిన్నటి మెకానిజమ్స్ చూడకుండా గీయండి. ఎక్కడ చెయ్యి ఆగిందో అదే ఆ సాయంత్రం మొదట చెయ్యాల్సింది.

క్లాసు లేని మూడు రోజుల్లో ఒక పూట పూర్తిగా పుస్తకం ముట్టకుండా ఉండండి, ఒక పూట మొదటి వారం నుంచి ఇప్పటిదాకా వచ్చినవన్నీ కలిపి చెయ్యండి. ఈ రెండోది ఎందుకంటే, సమ్మర్‌లో పరీక్ష ఎప్పుడూ రెండు మూడు రోజుల దూరంలోనే ఉంటుంది కాబట్టి బట్టీ పట్టినా మార్కులొస్తాయి, అంతా వచ్చేసిందనిపిస్తుంది, ఆగస్టులో ఆర్గానిక్ 2 క్లాసులో కూర్చున్నాక చూస్తే ఏమీ మిగలదు.

ప్రాబ్లమ్స్ ఎలా చెయ్యాలి అన్నది ఇంకా ముఖ్యం. ఆర్గానిక్‌లో ప్రతి చర్య ముందూ ఇవే ప్రశ్నలు వేసుకోండి: ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఎవరు, పుచ్చుకునేది ఎవరు, వెళ్లిపోయే గ్రూపు ఏది, ద్రావణి ఏమిటి, వేడి చేస్తున్నారా. 1-బ్రోమోబ్యూటేన్‌కి డీఎంఎస్‌ఓలో సోడియం సయనైడ్ కలిపారనుకోండి. ప్రైమరీ కార్బన్, మంచి న్యూక్లియోఫైల్, ప్రోటాన్ ఇవ్వని పోలార్ ద్రావణి, కాబట్టి ఎస్‌ఎన్‌2, వచ్చేది పెంటేన్‌నైట్రైల్, ఒక కార్బన్ పెరిగింది. అదే టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌ని మిథనాల్‌లో వేస్తే ఎస్‌ఎన్‌1 ప్రధానం, కొంచెం 'ఈ1' (ఎలిమినేషన్) కూడా. ఆ బ్రోమైడ్‌కే పొటాషియం టెర్ట్ బ్యుటాక్సైడ్ ఇస్తే, అది లావాటి బలమైన క్షారం, లోపలి కార్బన్ దాకా దూరలేదు, అంచున ఉన్న ప్రోటాన్ లాగేస్తుంది, ఈ2, ఐసోబ్యూటిలీన్. ఇలా కారణాలు నోటితో పైకి చెప్పుకుంటూ చెయ్యాలి. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

కార్డులు రాసుకుంటే రెండు వైపుల నుంచీ అడిగేలా రాయండి. రియాజెంట్ చూసి ఉత్పన్నం చెప్పడం ఒకటి, ఉత్పన్నం చూసి దేని నుంచి ఎలా తెచ్చుకోవాలో చెప్పడం ఇంకొకటి. సింథసిస్ ప్రశ్నలన్నీ రెండో రకం, అందరూ ప్రాక్టీసు చేసేది మొదటిదే.

ఫిజిక్స్‌లో సొల్యూషన్ చూసే ముందు కనీసం ఇరవై నిమిషాలు కొట్టుకోండి. సొల్యూషన్ చదివి "ఓ, ఇంతేనా" అనుకున్న లెక్క మీకు వచ్చినట్టు కాదు. మర్నాడు ఖాళీ కాగితం మీద మళ్లీ చెయ్యండి. ఏఐ చాట్‌బాట్లతో కూడా ఇదే గొడవ. మెకానిజం గీసిమ్మంటే నమ్మకంగా తప్పు గీసిస్తాయి, పట్టుకునేంత మీకు తెలిసుంటే అసలు అడగరు. ప్రాక్టీసు ప్రశ్నలు తయారుచేయించుకోడానికైతే వాడుకోండి.

7. ల్యాబు

సమ్మర్ ల్యాబు వారానికి మూడు నాలుగు రోజులు ఉండొచ్చు, ఒకటి తప్పితే మళ్లీ చేయించే వీలు చాలాచోట్ల ఉండదు, రెండు మూడు తప్పితే కోర్సే పోయే నియమం ఉంటుంది. బయట హ్యూస్టన్ ఎండ మాడ్చేస్తున్నా సరే నిండు ప్యాంటు, మూసిన బూట్లు, గాగుల్స్. నిక్కరు, చెప్పులతో వచ్చినవాళ్లని గుమ్మం నుంచే పంపించేస్తారు, టీఏకి మీ మీద జాలి ఉన్నా సరే.

సమయం ఆదా అయ్యేది ల్యాబులోనే. రిఫ్లక్స్ నలభై నిమిషాలు నడుస్తుంటుంది, రీక్రిస్టలైజేషన్‌లో ఫ్లాస్కు ఐసులో చల్లబడుతుంటుంది, అప్పుడు ఫోన్ తియ్యకుండా రిపోర్టులో ప్రొసీజర్, పరిశీలనలు రాసేస్తే ఇంటికెళ్లాక మిగిలేది యీల్డు లెక్క, చర్చ మాత్రమే. టీఏతో మాట్లాడ్డానికి కూడా అదే సమయం. టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రోమటోగ్రఫీ) ప్లేటు మీద మచ్చ సాగిపోయింది ఎందుకు అని అప్పుడే అడిగితే అప్పుడే జవాబు దొరుకుతుంది, ఆఫీస్ అవర్స్ దాకా ఆగక్కర్లేదు.

8. పరీక్షలు, తప్పుకోవాలా వద్దా

దాదాపు వారానికొక పరీక్ష ఉంటుంది. రెండు రోజుల ముందు పాత పేపర్ ఒకటి గడియారం పెట్టుకుని రాయండి. పరీక్ష అయిన సాయంత్రమే తప్పులు చూసుకోండి, మార్కులు వచ్చేదాకా ఆగితే అప్పటికి ఇంకో చాప్టర్ మీద పడుంటుంది.

మొదటి పరీక్ష ఫలితం వచ్చాక మిమ్మల్ని మీరు ఒక్కటే నిజాయితీగా అడగండి: గంటలు పెట్టానా? పెట్టకుండా తక్కువొస్తే పెట్టండి, ఇంకా దారి ఉంది. వారానికి 40 గంటలు పెట్టి కూడా క్లాసు సగటు కన్నా బాగా కింద ఉంటే, ఇన్‌స్ట్రక్టర్‌ని కలిసి మాట్లాడి, డబ్ల్యూ గడువు దాటకముందే నిర్ణయం తీసుకోండి. ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఒక డబ్ల్యూ ఉంటే కొంపలు మునగవు. డీ, ఎఫ్ మాత్రం చాలాకాలం వెంట వస్తాయి. ఎఫ్‌-1 వాళ్లు విత్‌డ్రా అయ్యే ముందు మళ్లీ డీఎస్‌ఓని అడగాలి.

9. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి

మన ఇళ్లలో సమ్మర్ అంటే ఖాళీ అని లెక్క. ఇండియా నుంచి అమ్మమ్మా తాతయ్యా వచ్చేది అప్పుడే, తానా మహాసభలు జులై 4 వారాంతానికే, ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే పెళ్లిళ్లు, ఎయిర్‌పోర్టు డ్యూటీ ఎలాగూ పిల్లలదే. జులై 4 సమ్మర్ 1 ఫైనల్ పక్కనో సమ్మర్ 2 మొదటి పరీక్ష ముందో వచ్చి పడుతుంది. టికెట్లు కొనకముందే క్లాసు తేదీలు ఫ్రిజ్ మీద అంటించి, "ఈ ఐదు వారాలు నన్ను లెక్కలోంచి తీసెయ్యండి, తర్వాత ఎన్ని ట్రిప్పులైనా డ్రైవింగ్ నాదే" అని బేరం పెట్టుకోండి. ఇండియా ప్రయాణం తప్పదనుకుంటే ఆ సమ్మర్‌కి కోర్సు మానెయ్యండి. ఫైనల్ మర్నాడే ఫ్లైట్ అయితే ఓకే, మధ్యలో నాలుగు రోజుల పెళ్లికి వెళ్లొస్తానంటే కుదరదు.

10. ఫైనల్ అయ్యాక

గ్రేడ్ పడగానే అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ మీ యూనివర్సిటీకి పంపించమని మీరే అడగాలి, చాలాచోట్ల దానంతటది వెళ్లదు. ఫాల్‌లో తర్వాతి కోర్సుకి ఇది ప్రీరిక్విజిట్ అయితే, క్రెడిట్ పడేలోపు సిస్టమ్ మిమ్మల్ని ఆ క్లాసులోంచి తీసెయ్యొచ్చు, రిజిస్ట్రార్‌కి ముందే చెప్పి ఉంచండి. సిలబస్ పీడీఎఫ్, ల్యాబ్ నోట్‌బుక్ పారెయ్యకండి. రెండేళ్ల తర్వాత ఏ ప్రొఫెషనల్ స్కూలో ఈ కోర్సులో ఏం చెప్పారని అడిగితే చూపించాల్సింది అవే, అప్పటికి ఆ కాలేజీ పోర్టల్‌లో మీ లాగిన్ పనిచెయ్యకపోవచ్చు.